ఒంటికన్నువాడు చూసిన ఎండ

ఎర్రబల్బు వెలుతురులో రజిత పుర్రె మీద కప్పిన నల్లబట్ట తొలగించింది. పుర్రె పెద్ద గుమ్మడికాయంత ఉంది. నుదుటి నడిమధ్య పిడికిలి పట్టేంత గుంత. ఆ గుంతను చూసే మెలానిసి ద్వీపంలో వెనకటివాళ్లు దాన్ని ఒంటికన్ను రాక్షసుడి తల అనుకున్నారు. నిజానికి అది వేల ఏళ్ల కిందట ఆ దీవిలో తిరిగి అంతరించిపోయిన పొట్టి ఏనుగు పుర్రె. గుంత కన్ను కాదు, తొండం మొదలయ్యే చోటు. ఏనుగన్నదే ఎరగని గ్రీకు గొర్రెలకాపరికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"ఇంకోసారి ఆలోచించు," అన్నాడు ప్రొఫెసర్ అలెకోస్ తలుపు దగ్గర నిలబడి. "ఒకసారి చదివితే చెరిగిపోతుందంటున్నావు గదా."

"చదవకుండా దాచుకుని ఏం చేస్తాం సార్?"

రజిత మీట నొక్కింది. వెంట్రుకంత సన్నటి నీలికాంతి పుర్రె అంచు మీద పాకడం మొదలుపెట్టింది.

ఆ యంత్రానికి ఆమె ఎండజాడ అని పేరు పెట్టుకుంది. పదకొండేళ్ల కష్టం. నేలలో కప్పబడి ఉన్న ఎముక మీద నీళ్లలోని ఖనిజం పొరగా పేరుకుంటుంది. ఎముక బయటపడితే ఆ పొర ఎండను తాగుతుంది. మళ్లీ మట్టి కప్పితే దాని మీద ఇంకో పొర. సున్నం మీద సున్నం కొట్టిన పాత గోడ లాంటిదన్నమాట. ఏ పొర ఎప్పుడు ఎండ చూసిందో, ఎంతకాలం చూసిందో ఎండజాడ చెబుతుంది. కాకపోతే చదవడానికి వేసిన కాంతే ఆ రాతను తుడిచేస్తుంది.

మూడు గంటల తర్వాత తెర మీద మూడు శిఖరాలు నిలిచాయి. రజిత లెక్క రెండుసార్లు కట్టింది.

"ఇప్పటిది కాక ఈ పుర్రె మూడుసార్లు బయటపడింది సార్. మూడు వేల నాలుగు వందల ఏళ్ల కిందట ఒకసారి. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట మరోసారి. చివరిసారి తొమ్మిది వందల ఏళ్ల కిందట."

"ఎంతకాలం బయట ఉంది?"

ఆమె తెర మీద వేలు పెట్టింది. "మూడుసార్లూ దాదాపు మూడేళ్లే. ఆ తర్వాత ఒక్కసారిగా చీకటి. మెల్లగా దుమ్ము కప్పినట్టు లేదు. ఒక్క పూటలో కప్పేసినట్టుంది."

అలెకోస్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అరవై మూడేళ్ల మనిషి. పురాణాల రాక్షసుల వెనక ఏ ఎముకలున్నాయో వెతుకుతూ జీవితమంతా గడిపాడు. ఈ దీవిలోని పానోరి ఊరివాళ్లు చెప్పుకునే కథను ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు చెబుతున్నాడు. దేవతలతో యుద్ధంలో ఓడిన ఒంటికన్నువాడిని కొండ కింద పాతిపెట్టారు. వాడు యుగానికొకసారి నేల చీల్చుకుని తల పైకెత్తి ఎండ చూస్తాడు. ఏడు వేసవులు చూశాక ఊరిని ఒళ్లోకి లాక్కుని మళ్లీ పడుకుంటాడు.

"పుర్రెను చూసి అల్లిన కథ అనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "పుర్రె కనబడిన తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు చెప్పిన కథ ఇది. ముందు కొండ మీద నెర్రె విచ్చుకుంటుంది. పుర్రె బయటపడుతుంది. కొన్నాళ్లకు కొండవాలు మొత్తం సముద్రంలోకి జారుతుంది. పైనుంచి వచ్చిన మట్టి పుర్రెను మళ్లీ కప్పేస్తుంది."

"కథలో ఏడు వేసవులు. ఎముకలో మూడు."

"ఏడు అంటే కథలకు ఇష్టం. నోటి నుంచి నోటికి వచ్చేసరికి మూడు ఏడైపోయి ఉంటుంది." అతను ఆమె ముఖంలోకి చూశాడు. "ఈసారి పానోరి గొర్రెలకాపరి ఈ పుర్రెను మొదట ఎప్పుడు చూశాడు?"

ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ముందటేడాది చిన్న భూకంపం వచ్చి ఊరి పైభాగంలో నెర్రె విచ్చిన మార్చి నెలలో. ఇప్పుడు నవంబరు. రెండేళ్ల ఎనిమిది నెలలు.

రజిత కారెక్కి పానోరి వైపు తోలింది. ప్రయోగశాల రేవు పట్నంలో ఉంది. అక్కడి నుంచి ఊరు పన్నెండు కిలోమీటర్లు, అంతా కొండదారి. రెండు వందల పద్నాలుగు మంది ఉన్న ఊరు సముద్రం మీదికి వాలిన కొండను పట్టుకుని వేలాడుతున్నట్టుంటుంది. ఆ ఊళ్లోనే కాల్యోపి అనే ముసలావిడ ఇంట్లో రజితా, ఆమె తండ్రి గట్టయ్యా అద్దెకుంటున్నారు.

గట్టయ్య మంచిర్యాల దగ్గర బొగ్గుబావిలో ముప్పై రెండేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. సొరంగం పైకప్పు కూలకుండా కట్టెదిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము మిగిలింది. సముద్రపు గాలి మంచిదని డాక్టరంటే, భార్య పోయాక ఆయన్ను రజిత తనతోపాటు తెచ్చుకుంది.

ఆమె వెళ్లేసరికి వాకిట్లో ఇద్దరు ముసలివాళ్లూ ఎదురెదురుగా కూర్చుని ఆలివ్ కాయల్లో ఆకులు ఏరుతున్నారు. ఆయన తెలుగులో మాట్లాడుతున్నాడు, ఆవిడ గ్రీకులో జవాబిస్తోంది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా ఏడాదిగా ఇద్దరికీ ఊసు తెగదు.

"బాపూ, ఒక్కసారి ఇటు రా."

పెరట్లోకి తీసుకెళ్లి మొత్తం చెప్పింది. గట్టయ్య ఆశ్చర్యపోలేదు. ఆమె చేయి పట్టుకుని ఇళ్ల వెనక ఎత్తు మీదికి, నెర్రె దగ్గరికి నడిపించాడు. ప్రార్థన మందిరం పక్కనుంచి మొదలై నెర్రె ఊరిని పైనుంచి చుట్టినట్టు వంకరగా పోతోంది. దాని రెండంచులనూ కలుపుతూ నాలుగు చోట్ల పలుచటి గాజుబిళ్లలు సున్నంతో అతికించి ఉన్నాయి.

"ఇవి నా ల్యాబువి గదా!"

"ఔ, నేనే తెచ్చిన. అడుగుతె ఇయ్యవని అడుగలే." గట్టయ్య వంగి చూపించాడు. "బాయిల పైకప్పు కదుల్తాందా లేదా సూడాల్నంటె గిట్లనే పెడుదుము. మట్టి సాగుతది, కట్టె వంగుతది. గాజు మాత్రం రెండు తీర్ల ఉండది. పెట్టి పన్నెండు రోజులాయె. ఇగో, ఇది నిన్న పలిగింది."

నాలుగింట్లో ఒకటి నిలువునా చిట్లి ఉంది.

"నాకెందుకు జెప్పలే బాపూ?"

ఆయన నెర్రె అంచున కూర్చున్నాడు. "నా జతగాడు ఓదెలు బాయిల సచ్చిపోయిన పొద్దు నేను జెప్పిన బిడ్డా. దిమ్మె కూస్తాంది సార్, లోపటికి పంపకుండ్రి అన్న. నువ్వేమన్న ఇంజనీరువా అన్నడు పని సూసే ఓవర్‌మన్. నగిండ్రు అందరు. ఇగ రెండోసారి నోరు తెరువలే. నా పని నేను జేసుకున్న. అద్దగంటల కూలింది." చిట్లిన గాజు మీద వేలు పెట్టాడు. "ఇది ఒక్కటే పలిగితె నువ్వు సుత నగుతవనుకున్న."

ఆమె నవ్వలేదు. ఫోను తీసి అలెకోస్‌కు చేసింది.

మర్నాడు ద్వీప పాలనాధికారి ఎదుట రజిత, అలెకోస్ కూర్చున్నారు. అధికారి మర్యాదస్తుడే. కాగితాలు శ్రద్ధగా చూశాడు.

"ఉపగ్రహాల కొలతలు నా దగ్గరున్నాయి. ఆ వాలు ఏటా వేలెడు జారుతోంది. ఇరవై ఏళ్లుగా అంతే. కొత్తగా ఏమీ లేదు. మీ పుర్రెను మా నిపుణులకు ఇవ్వండి, వాళ్లు మళ్లీ చదువుతారు."

"మళ్లీ చదవలేం," అంది రజిత. "చదివితే చెరిగిపోతుంది."

"అంటే రుజువు మీ కంప్యూటర్లో ఉన్న గీతలు మాత్రమే. అవి వచ్చినప్పుడు చూసింది మీరిద్దరే." అతను కళ్లజోడు తీశాడు. "దానికి తోడు ఒక రాక్షసుడి కథ. ఇప్పుడు ఆలివ్ కోతలు. ఏడాది తిండిని చెట్ల మీద వదిలి రమ్మని ఊరివాళ్లకు ఏ ముఖంతో చెప్పను?"

"రెండో పుర్రె ఒకటుంది," అన్నాడు అలెకోస్. "ఇంకా నెర్రె గోడలోనే ఉంది. కావాలంటే మీ నిపుణుల ముందే చదువుతాం. వాళ్లు రాజధాని నుంచి రావడానికి పది రోజులైనా పడుతుంది. ఆ పది రోజులు ఊరు ఖాళీ చేయించండి. ఏమీ జరగకపోతే తప్పు నాది. నా ఉద్యోగం, నా పేరు, రెండూ మీ చేతిలో పెడుతున్నాను."

అలెకోస్ ఆ మాటే రాసి సంతకం చేస్తుంటే రజిత ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ముప్పై ఏళ్ల పేరు ఆయన పణంగా పెట్టింది తన యంత్రం చెప్పిన ఒక్క మాట మీద.

ఊరు గొణుక్కుంటూ, తిట్టుకుంటూ కదిలింది. కాల్యోపి మాత్రం కదలనంది.

"ఏడు వేసవులని మా నాయనమ్మ చెప్పింది. వాళ్ల నాయనమ్మ చెప్పింది. ఇంకా నాలుగేళ్లుంది. అప్పటికి నేనే ఉండను. నన్నెందుకు లేపుతారు?"

రజిత ఎంత చెప్పినా వినలేదు. పోలీసులు వచ్చినా వినలేదు. చివరికి గట్టయ్య తన సంచి తెచ్చి ఆవిడ గడపలో పెట్టి దాని పక్కనే చతికిలబడ్డాడు.

"నువ్వు రాకుంటె నేను సుత పోను ముసలిదానా. ఇద్దరం ఈడనే కూసుందాం. బువ్వ వండు."

ఆవిడకు మాట అర్థం కాలేదు. కానీ ఆయన సంచీనీ, కూర్చున్న తీరునూ చూసింది. కాసేపు గొణిగింది. దేవుడి పటం గోడ నుంచి దించి, కోడిని చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

రేవు పట్నంలోని ఆటల హాల్లో వరుసగా మంచాలు వేశారు. మొదటి రెండు రోజులు జనం ఆకాశం వైపూ, కొండ వైపూ భయంగా చూశారు. మూడో రోజు నుంచి రజిత వైపు చూడసాగారు. ఎండ ఫెళ్లున కాసింది. మబ్బు తునక లేదు. ఐదో రోజు ఒకతను తన పొలంలో రాలిపోయిన ఆలివ్ కాయలు బుట్టెడు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర కుమ్మరించి వెళ్లిపోయాడు. కొట్టుకెళితే రొట్టె ఇచ్చే పిల్ల ఆమె ముఖంలోకి చూడలేదు. అలెకోస్‌కు విశ్వవిద్యాలయం నుంచి వివరణ కోరుతూ ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏముందో చెప్పలేదు.

గట్టయ్య మాత్రం రోజూ పొద్దున్నే పోలీసు జీపులో పానోరి వెళ్లి గాజుబిళ్లలు చూసి వచ్చేవాడు. ఆరో రోజు రెండోది చిట్లింది. తర్వాత రెండు రోజులు ఏమీ లేదు. ఆ రెండు రోజులు రజిత తన లెక్కను వందసార్లు తిరగేసింది. దాదాపు మూడేళ్లంటే ఎంత? రెండేళ్ల ఎనిమిది నెలలా, మూడేళ్ల నాలుగు నెలలా? ఎముకకు నెలలు తెలియవు. ఇంత జనాన్ని ఎన్ని నెలలు హాల్లో కూర్చోబెట్టగలదు? ఒకవేళ వాళ్లు తిరిగి వెళ్లాక కొండ జారితే ఆ పాపం ఎవరిది?

తొమ్మిదో రోజు శనివారం వాన మొదలైంది. అదే సాయంత్రం నిపుణుల బృందం ఓడ దిగింది. ఆదివారం మధ్యాహ్నం సమావేశం. కొత్త సాక్ష్యం ఏదీ లేకపోతే సాయంత్రానికి జనం ఇళ్లకు వెళ్లొచ్చని అధికారి ప్రకటించాడు. హాల్లో చప్పట్లు మోగాయి. కొందరు అప్పుడే దుప్పట్లు మడవసాగారు.

"రెండో పుర్రె," అన్నాడు అలెకోస్. "సమావేశం లోపల అది ల్యాబులో ఉండాలి. వాళ్ల కళ్ల ముందే చదువుదాం. దాంట్లోనూ మూడేళ్లే వస్తే జనాన్ని ఎవరూ వెనక్కి పంపలేరు."

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఊరి మొదట్లో, పోలీసులు అడ్డం పెట్టిన చోట, రజిత, అలెకోస్‌ల కారు ఆగింది. వాన సన్నగా, ఆగకుండా పడుతోంది. రజిత వెనక సీట్లోంచి నల్లబట్టా, తాళ్లూ తీస్తోంది. అప్పుడే పైనుంచి గట్టయ్య దిగివచ్చాడు. ఆయాసంతో మాట రావడం లేదు.

"నాలుగు పలిగినయ్ బిడ్డా. నిన్న వేలు పట్టిన సందుల ఇయ్యాల చెయ్యి పడ్తాంది. లోపట మట్టి రాల్తాంటె ఇసుక కుండల పోసినట్టు సప్పుడు. ఎవ్వలు పోవద్దు."

రజిత ఆ మాటలు అలెకోస్‌కు చెప్పింది. ఆయన కొండ వైపు చూశాడు, గడియారం చూశాడు.

"ఈ గాజుముక్కల సంగతి ఆ హాల్లో చెబితే నమ్ముతారా?"

రజిత తాళ్లు సీటు మీద పెట్టేసింది.

"నమ్మరు. సాయంత్రానికి పిల్లలతో సహా అందరూ ఈ దారినే వస్తారు." నల్లబట్ట ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "ఇరవై నిమిషాల పని. మట్టి ముందే తవ్వి వదులుగా చేసి ఉంచాను."

"నేనూ వస్తాను. ఒక్కరు మోయలేరు."

"మోస్తాను. నువ్విక్కడ ఉండు. యంత్రం నడపడం నాకు రాదు రజితా."

అతను అడ్డుకట్ట దాటాడు. పోలీసు పిలిచినా ఆగలేదు. రజిత వెనకే అడుగు వేసింది. గట్టయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ల చేయి, అయినా దిమ్మెలు ఎత్తిన చేయి.

"వదులు బాపూ!"

"వదల."

"ఆయన ఒక్కడే పోతున్నడు!"

"పోవద్దన్న. నువ్వు జెప్పినవ్. ఆయన ఇన్లే. నిన్ను మాత్రం వదల." ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పట్టు మాత్రం సడలలేదు. "కొట్టు, తిట్టు, ఏమన్న జెయ్. వదల."

ఆమె నిజంగానే కొట్టింది. రెండో చేత్తో ఆయన భుజం మీద, ఛాతీ మీద. పైన ప్రార్థన మందిరం పక్కన అలెకోస్ నీలం కోటు కనిపించింది. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేసరికి చేతుల్లో నల్లటి మూట ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదువుకుని దిగుతున్నాడు. చూస్తున్నారని తెలిసి ఒకసారి మూటను కొంచెం పైకెత్తి చూపించాడు.

అప్పుడు ఊళ్లో కుక్కలు లేవు, కోళ్లు లేవు, మనుషులు లేరు. అందుకే ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎక్కడో అడుగున పెద్ద గుడ్డ చిరిగినట్టు. మందిరం గంట దానంతటదే ఒక్కసారి మోగింది. తర్వాత కొండవాలు మొత్తం, ఇళ్లతో, గోడలతో, ఆలివ్ చెట్లతో, ఒక్క ముక్కగా కదిలింది. పరిగెత్తినట్టు లేదు. పడుకోబోయే మనిషిలా నెమ్మదిగా ఒరిగింది. సముద్రం తెల్లగా లేచింది. పైగట్టు విరిగి, మిగిలినదాన్ని మట్టి కప్పేసింది.

రజిత అరుపు ఆమెకే వినబడలేదు. గట్టయ్య అప్పటికీ మణికట్టు వదల్లేదు.

రెండు వందల పద్నాలుగు మంది బతికారు. అలెకోస్ శరీరం దొరకలేదు. పుర్రె కూడా దొరకలేదు.

నిపుణుల బృందం నివేదికలో కొండ జారడానికి భారీ వర్షమే కారణమని రాశారు. ఎండజాడ ఫలితాన్ని మరొకరు సరిచూసే అవకాశం లేనందున దాన్ని పరిగణనలోకి తీసుకోలేమని, ముందే ఊరు ఖాళీ చేయడం అదృష్టవశాత్తు కలిసివచ్చిన జాగ్రత్త అని రాశారు. రజిత దాన్ని ఒక్కసారి చదివి పక్కన పెట్టింది. కోపం కూడా రాలేదు. నెలరోజులు తండ్రితో సరిగా మాట్లాడలేదు. ఇద్దరం కలిసి మోస్తే ఇంకాస్త తొందరగా దిగేవాళ్లమేమోనని ఒకరోజు అనిపించేది. ఇద్దరం పోయేవాళ్లమని మరో రోజు అనిపించేది. గట్టయ్య ఏమీ సంజాయిషీ చెప్పుకోలేదు. ఆమె ముందు అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు. ఒకనాడు తింటూ తింటూ "ఉప్పు తక్కువైంది బాపూ," అంది. "రేపు ఏస్తలే," అన్నాడాయన.

నలభయ్యో రోజున అలెకోస్ పేరు మీద ప్రార్థన చేశారు. అక్కడి ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమల్లో దానిమ్మ గింజలు, చక్కెర కలిపి అందరికీ పంచారు. పానోరి జనమంతా వచ్చారు. కాయలు కుమ్మరించి వెళ్లినతను దూరంగా నిలబడి, ఎవరూ చూడకుండా రజిత చేతిలో నూనె సీసా పెట్టి తలదించుకుని పోయాడు.

భోజనాలయ్యాక కాల్యోపి చుట్టూ పిల్లలూ పెద్దలూ చేరారు. ఆవిడ కథ చెబుతోంది. రజిత గోధుమల గిన్నె పట్టుకుని వెనకగా నిలబడి విన్నది.

ఒంటికన్నువాడు తల పైకెత్తాడట. తూర్పు దేశం నుంచి నాలుగు గాజు కళ్లున్న ముసలాయన ఒకడు వచ్చి, నేలను కళ్లతో చూసి, రాక్షసుడు కదులుతున్నాడని చెప్పాడట. ఆయన కూతురు రాక్షసుడి నుదుట దీపం పెట్టి వాడి మనసులో మాట చదివిందట. నీలం కోటు పండితుడు వాడి దగ్గరికి వెళ్లి, నా పేరు తీసుకో, నా ప్రాణం తీసుకో, మా వాళ్లకు తొమ్మిది రోజులియ్యి అని బేరమాడాడట. వాడు సరేనన్నాడట. పదో రోజు పండితుడు మాట ప్రకారం తానే నడిచివెళ్లి వాడి తలను ఒళ్లోకి తీసుకుని నిద్రపుచ్చాడట.

రజితకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒక్క ముక్కా నిజం కాదు. ఆయన బేరమాడలేదని, వానలో జారుతూ బరువు మోశాడని, ఆయనకు బతకాలనే ఉందని చెప్పాలనిపించింది. పెదవి విప్పబోయి ఆగింది. అలెకోస్ ఉంటే ఈ కథను ఒక్క అక్షరం పోకుండా రాసుకునేవాడు.

"వాడు మళ్లీ ఎప్పుడో లేస్తాడు," అని ముగిస్తోంది కాల్యోపి. "లేచి ఏడు వేసవులు ఎండ చూస్తాడు. ఆ తర్వాత..."

"మూడు," అంది రజిత.

అందరూ వెనక్కి తిరిగారు. కాల్యోపి కళ్లు చిట్లించి చూసింది.

"మిగతాదంతా నువ్వు ఎలా చెప్పినా సరే అవ్వా. అది మాత్రం మూడు. ఏడు కాదు."

ఏడన్నది ముసలావిడకు నాయనమ్మ చెప్పిన మాట. ఆవిడ నాయనమ్మ చెప్పిన మాట. అయినా ఆవిడ పిల్లల వైపు తిరిగింది.

"మూడు వేసవులు," అంది. "ఏదీ, మీరూ అనండి."

"మూడు వేసవులు," అన్నారు పిల్లలు.

"ఇంకోసారి," అంది రజిత.